మెడ మీద గాటు

కోతల బావ గుమ్మం తొక్కితే చాలు, వెల్డింగు షాపాయన మొహానికి ముసుగు దించేస్తాడు. చేతిలో పని ఉన్నా లేకపోయినా సరే. భార్యకు స్వయానా అన్న కాబట్టి పొమ్మనలేడు. ఆ మొహం చూడనూ లేడు.

ఆమె గొంతులో గడ్డ థైరాయిడ్ కేన్సరని తేలిన రోజున డాక్టరమ్మ విడమర్చి చెప్పింది.

"చిన్న కన్నాలతోనూ తీస్తారు, కాదనను. కానీ మీది మాట పలికించే నరం పక్కనే ఉందమ్మా. మెడ కోసి, కళ్ళారా చూస్తూ తీయడమే మేలు. ఆలస్యం చేయకండి."

బావ ఎగిరిపడ్డాడు. "మెడ కోయించుకుంటావా చెల్లాయ్? నలుగురిలో కొంగు కప్పుకుని తిరుగుతావా? గాటు పడకుండా కన్నంలోంచి లాగేసే డాక్టరు నాకు బాగా తెలుసు. నా మాట కాదనడు!"

"ఎప్పుడు తీసుకెళ్తావు బావా?" అన్నాడు షాపాయన.

"వచ్చే నెల."

కోతలు కోయడంలో అన్నను మించినవాడు లేడని తెలిసీ, ఆమె మెడ తడుముకుంటూ ఆ మాటే నమ్మింది. ఆ తడుముకోవడం చూసి ఈయనా మెత్తబడ్డాడు. వచ్చే నెల రానే లేదు. గడ్డ మాత్రం పెరిగి నరాన్ని చుట్టేసింది. చివరికి ఆ డాక్టరమ్మే మెడ కోసింది. గడ్డతోపాటు నరమూ తీయక తప్పలేదు.

అంతగా భయపెట్టిన గాటు ఇప్పుడు మెడ ముడతల్లో కలిసిపోయింది. గొలుసు వేసుకుంటే కనపడనే కనపడదు.

ఇదివరకు గ్రైండరు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నా, షాపు మీది ఇంటి పైమెట్టు మీంచి "ఏమయ్యోయ్!" అని ఆమె కేకేస్తే వీధి మలుపుదాకా వినపడేది.

"మైకు మింగి పుట్టావే!"

"మింగాను, కక్కమంటావా? కంచం ముందు ఈగలు తోలుతున్నానిక్కడ, రా!"

ఈ మధ్యాహ్నం గ్రైండరు ఉన్నట్టుండి ఆగిపోయింది. కరెంటును తిట్టుకుంటూ తలెత్తాడు. మెట్ల కింద, మెయిన్ స్విచ్చి మీద చెయ్యి వేసి ఆమె నిలబడి ఉంది. పెదాలు కదుపుతోంది. షాపంతా చడీచప్పుడూ లేదు. అయినా గాలి తప్ప ఏమీ వినపడలేదు. స్టూలు మీద కూర్చున్న కోతల బావ తల దించుకున్నాడు.

"వస్తున్నా," అన్నాడాయన. ముసుగు మాత్రం ఎత్తలేదు.

బావ పుణ్యమా అని ఆయన పోగొట్టుకున్నది అక్షరాలా ఒక్క మాట. ఏమయ్యోయ్.