మేకుల సంచి

వడ్రంగికి ఆ రోజు చెయ్యి కుదురుగా లేదు. తలుపు చట్రానికి కొట్టిన మేకు రెండుసార్లు వంగింది. నాలుక మాటిమాటికీ కుడి దవడ లోపలికి పోయి, తగ్గని పుండును తడుముతోంది. వద్దన్న చోటికే పోయే నాలుకకు బుద్ధి చెప్పేదెవరు?

పుండు లేచిన కొత్తలో నేరమంతా మేకుల మీదికి తోసేశాడు. పనిలో మేకులు పెదాల మధ్య పట్టుకోవడం అతనికి చిన్ననాటి అలవాటు. "మేకు గీసుకుంది, అంతే" అన్నాడు భార్యతో. ఆ మహాతల్లి మేకులకు శాపనార్థాలు పెడుతూ, పాత ప్యాంటు కత్తిరించి నడుముకు కట్టుకునే సంచి కుట్టిచ్చింది. అతను బుద్ధిమంతుడిలా మేకులన్నీ అందులో పోశాడు. ఖైనీ పొట్లం కూడా ఆ సంచి అడుగునే దాచాడు. ఇంత నమ్మే మనిషిని మోసం చేస్తున్నందుకు సిగ్గుపడేవాడు. సిగ్గుపడుతూనే చిటికెడు నలిపి దవడకు నొక్కుకునేవాడు.

నెలలు గడిచినా పుండు తగ్గలేదు. కారం తగిలితే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇక ఊరుకునేది లేదని, భార్య పని మధ్యలోనే వచ్చి డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది.

అక్కడ బెంచీ మీద కూర్చోలేడు, లేచి నిలబడలేడు.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరగడమేంటయ్యా, కూర్చో" అంది ఆమె.

డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. "ఖైనీ వేస్తారా?"

"మేకు గీసుకుందండీ" అన్నాడు గొణుగుతూ.

"అవునండీ, మేకులు నోట్లో పెట్టుకునేవాడు" అంది భార్య.

"ఏ పక్కన?"

"ఎడమ పక్కనండీ. సుత్తి కుడిచేతిలో ఉంటుంది కదా, ఎడమచేత్తో తీసుకుంటాడు."

"పుండు కుడి పక్కనుందమ్మా."

భార్య అతని వైపు తిరిగింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలనీ, క్యాన్సరో కాదో అప్పుడే తెలుస్తుందనీ చెప్పింది డాక్టరమ్మ. అతనికి భార్య తిట్టినా బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు, చెయ్యి చాచింది.

అతను సంచి అడుగున వెతికి పొట్లం తీసిచ్చాడు. దాంతోపాటు రెండు మేకులు వచ్చాయి. ఆమె పొట్లాన్ని చెత్తబుట్టలో పడేసి, మేకులను మాత్రం జాగ్రత్తగా సంచిలో వేసింది.

"పాపం, ఇన్నాళ్లూ వీటిని తిట్టుకున్నాను" అంది.