హ్యాండిల్ కప్పులో గుంటలు

పుణెలో సైకిలు వదిలించుకోవడానికి వచ్చిన మనిషిని ఎవరూ నమ్మరు. అందులోనూ పందొమ్మిదేళ్ళుగా రోజూ దాని మీదే ఉద్యోగానికి వెళ్ళే మనిషిని అసలు నమ్మరు. నవీ పేఠ్ మలుపులో సైకిళ్ళు బాగుచేసే బబన్‌రావు ధమాళే సరేసరి, తన నీడనైనా ఒకసారి తిప్పి చూసిగానీ నమ్మే రకం కాదు.

"ఎవరికైనా ఇచ్చెయ్యండి బబన్‌రావ్. నాకిక వద్దు," అంది వత్సలా దాతార్, సైకిలును గోడకి ఆనించి.

"మరి లైబ్రరీకి ఎగిరి వెళ్తారా తాయీ? తొమ్మిదిన్నరకి తలుపు తీయకపోతే ఆ పెన్షను ముసలాళ్ళు పేపర్ల కోసం గోడ దూకుతారు."

ఆమె నవ్వలేదు. ఆ వారంలో రెండుసార్లు పడింది. రెండుసార్లూ లక్డీ పూల్ వంతెన దాటి మలుపు తిరిగేచోటే. గీరుకుపోయిన మోచేతిని చీర కొంగుతో కప్పుకుంది.

"హ్యాండిలు నా మాట వినడం లేదు," అంది నెమ్మదిగా.

సరిగ్గా ఆ మాటే ముప్పై ఏళ్ళ కిందట వాళ్ళ నాన్న అన్నాడు. అప్పుడాయనకి యాభై ఒకటి. ఇంటిల్లిపాదీ నవ్వారు. ఏడాది తిరిగేసరికి చేతులు వణికి కప్పులో చాయ్ చొక్కా మీద ఒలికేది. నాలుగేళ్ళకి తన ముద్ద తాను నోట పెట్టుకోలేకపోయాడు. వత్సలకి ఇప్పుడు నలభై తొమ్మిది. మొదటిసారి పడ్డ రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. స్నానాల గది తలుపు వేసుకుని, చేతులు చాచి, వణుకుతున్నాయా అని చూసుకునేది. అలా గుచ్చిగుచ్చి చూస్తే పహిల్వాన్ చేతులైనా వణుకుతాయి. ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్ళెవరు? మొగుడికి కూడా చెప్పుకోలేదాయె.

బబన్‌రావుకి మాత్రం చెప్పేసింది. రాత్రి భోజనం దగ్గర ఈ సైకిళ్ళాయన మొహం చూడక్కర్లేదు కదా.

ఆయన అయ్యో అనలేదు. సైకిలును సందు నడిమికి తీసుకెళ్ళి, "చేతులు వెనక్కి పెట్టుకోండి," అని, సీటు పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తి వదిలేశాడు. సైకిలు మూడు గజాలు పోయి, కర్రలా బిగుసుకుని, దభీమని పడింది.

"ఏం బబన్‌రావ్, పొద్దున్నే తాగించావా దానికి?" అన్నాడు ఎదురుగా చాయ్ కొట్టు నడిపే మారుతి.

"ఇప్పుడు ఎవరి చేతులు వణికాయి తాయీ?"

"మనిషి లేకపోతే ఏ సైకిలైనా పడుతుంది," అంది వత్సల.

"అలాగా. కూర్చోండి."

హ్యాండిలు ఊడదీశాడు. పైనున్న నట్టు విప్పి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కును కిందికి దించేసరికి, కందిగింజలంత ఉక్కు గుళ్ళు నల్లటి జిడ్డుతో ఆయన అరచేతిలో రాలాయి. ఆ గుళ్ళు తిరిగే కింది కప్పును గుడ్డతో తుడిచి ఆమె చేతికిచ్చాడు.

"వేలు పెట్టి చూడండి."

నున్నగా ఉండాల్సిన ఉక్కులో చుట్టూ గుంటలు. ఒక్కో గుండుకి ఒక్కో గుంట, ఎవరో కూర్చుని చెక్కినంత పొందిగ్గా ఉన్నాయి.

"హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడు ఈ గుళ్ళు కూర్చునే చోట్లివి. పందొమ్మిదేళ్ళుగా మీరు ఇంటి నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి ఇంటికి. తిన్నగా వెళ్ళి తిన్నగా వచ్చారు. దారిలో ప్రతి గతుకూ ఇక్కడే దెబ్బ వేసింది. ఇప్పుడు గుళ్ళు ఆ గుంటల్లోంచి పైకి రామంటున్నాయి."

వత్సల వేలితో ఆ గుంటలన్నీ మళ్ళీ తడిమింది. తన బతుకులో పందొమ్మిదేళ్ళు, వానలూ ఎండలూ, పిల్లని వెనక కూర్చోబెట్టుకుని, ఒంట్లో జ్వరంతో తొక్కిన రోజులూ, ఈ ఇనప వలయంలో అచ్చుపడి ఉన్నాయా? ఉక్కుని తాను గుంటలు పడేలా అరగదీసిందా?

ఆయన పాత కప్పులు కొట్టి తీసి కొత్తవి దిగ్గొట్టాడు. గ్రీజు పూసి గుళ్ళు ఒక్కొక్కటే పేర్చాడు. నట్టు బిగించి, వదులు చేసి, మళ్ళీ పిసరంత బిగించాడు. ముందు చక్రం ఎత్తి పట్టుకుంటే, హ్యాండిలు నీళ్ళలో ఆకులా దానంతటదే పక్కకి వాలింది.

మళ్ళీ సందు నడిమికి తీసుకెళ్ళి, పరిగెత్తి, వదిలేశాడు.

సైకిలు వెళ్ళింది. మనిషి లేకుండా వెళ్ళింది. చాయ్ కొట్టు దగ్గర కుడికి ఒరిగింది, ఇక పడిపోతుందనగా హ్యాండిలు తనే కుడికి తిరిగి దాన్ని నిలబెట్టింది. ఎడమకి ఒరిగితే ఎడమకి తిరిగింది. మారుతి పాలు పొంగడం కూడా చూసుకోలేదు. దర్జీ దుకాణం దాకా అలా పోయి, వేగం తగ్గి, అప్పుడు గోడకి చేరగిలబడింది.

"మనం పట్టుకుని నిలబెడుతున్నాం అనుకుంటాం గానీ, అది పడకుండా అదే చూసుకుంటుంది తాయీ. తిరగనిస్తే చాలు," అన్నాడు బబన్‌రావు. నలభై ఏళ్ళుగా ఈ వింత చూస్తున్నవాడే, అయినా గొంతు తగ్గించే అన్నాడు.

వత్సల వెళ్ళి ఆ సైకిలును వెనక్కి నడిపించుకొచ్చింది.

"నాన్న సైకిలు బాగానే ఉండేది," అంది. "ఆయన పోయాక అన్నయ్య దాన్ని పదేళ్ళు తొక్కాడు. ఏ మరమ్మతూ చేయించలేదు. లోపం నాన్న చేతుల్లోనే."

బబన్‌రావు సీటు మీద దుమ్ము తుడిచాడు. తర్వాత, "ఎక్కండి," అన్నాడు.

ఎక్కింది. హ్యాండిలుతో పోట్లాటకి అలవాటుపడ్డ భుజాలు కదా, సైకిలు రెండు వంకర్లు పోయింది.

"దాన్ని పట్టుకోకండి. ఊరికే చేతులు పెట్టండి."

ఆమె వేళ్ళు వదులు చేసింది. సైకిలు తిన్నబడి సందు చివరిదాకా వెళ్ళింది. లైబ్రరీకి కుడివైపు వెళ్ళాలి. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె ఎడమకి తిరిగింది.