దేవుడికి రాసిన చీటీలు

"దేవా, యూనియన్ నిలబడేదాకా నా చేతుల్లో వణుకు రానివ్వకు."

కోళ్ల ఫ్యాక్టరీలో, కత్తుల చప్పుడు మధ్య, ఆ ప్రార్థనను సూపర్‌వైజర్ వెక్కిరింతగా చదివాడు. చదివి, అది రాసిన వెర్నీస్ చేత ఆప్రాన్ విప్పించాడు. పదకొండేళ్లు ఎముకలు తీసిన చేతులను గేటు బయటికి నెట్టాడు.

పక్కన నిలబడ్డ ఓర్లీన్ చేతిలో కత్తి ఆగింది. ఆ మాటలు బుధవారం వెర్నీస్ ప్రార్థన చీటీ మీద రాస్తుంటే ఆమె చూసింది. ఇరవై ఆరేళ్లుగా చర్చి తలుపు దగ్గర తెల్ల చేతి తొడుగులతో నిలబడి, వచ్చినవారిని లోపల కూర్చోబెట్టేది ఆమే. ఆ చీటీని పాస్టర్ బీమన్ చేతికి అందించిందీ ఆమే.

ఆ మిసిసిపి చర్చిలో ఒకప్పుడు ఎవరి గోడు వారు లేచి చెప్పుకునేవారు. "నలుగురిలో సిగ్గెందుకు, రాసివ్వండి. దేవుడూ నేనూ తప్ప ఎవరూ చూడం" అని చీటీలు అలవాటు చేసింది బీమనే. ఒకనాడు తమతోపాటు కోళ్లు కోసినవాడు కనుక అందరూ నమ్మారు.

సాయంత్రం ఓర్లీన్ ఆయన గుమ్మంలో నిలబడింది.

"చీటీలేవి పాస్టరుగారూ?"

"హేల్‌గారి ఎన్నికలవాళ్లు అడిగారు సిస్టర్. కష్టాలు తెలిస్తే గెలిచాక తీరుస్తారట."

"ఫ్యాక్టరీ ఓనరు హేల్‌కే ఇచ్చారా?"

"ఆయనా క్రైస్తవుడే కదమ్మా."

"మరి వెర్నీస్ ఎవరు?"

ఓర్లీన్ తన చేతులు చూసుకుంది. ద్రోహాన్ని మోసుకెళ్లినవి అవే.

ఆదివారం హేల్ ప్రసంగ పీఠమెక్కాడు. "మీ బాధలు నాకు తెలుసు" అన్నాడు.

బానిసత్వం వదిలించుకున్న తాతలు కట్టిన చర్చి అది. సభ్యులెవరైనా లేచి ప్రతిపాదిస్తే, మరొకరు బలపరిస్తే, ఓటు పెట్టి తీరాలి. పాస్టరును పిలిచేదీ, పంపేదీ ఆ ఓటే. ఆ హక్కును ఓర్లీన్ ఏనాడూ వాడలేదు.

తలుపు దగ్గరి నుంచి నడిచి నడుమకొచ్చింది.

"ప్రతిపాదిస్తున్నాను. ఓట్లడిగేవాళ్లు ఈ పీఠమెక్కకూడదు. మన ప్రార్థనలు ఓనరు చేతిలో పెట్టిన పాస్టరు మనకొద్దు. ఆ చీటీలు అందించింది నేనే. నన్ను మన్నించండి."

"కూర్చో సిస్టర్, ఆరాధన జరుగుతోంది" అన్నాడు బీమన్.

"ఈ హేల్‌గారు మైకు పట్టుకున్నప్పుడే అది ఆగింది" అన్నాడు చర్చి పెద్దల్లో ఒకడైన ముసలి డీకన్ ఏమస్. బెంచీల్లో నవ్వు పాకింది. "బలపరుస్తున్నా."

హేల్ చిరునవ్వు చెరగనివ్వలేదు. "పెద్దాయనా, మీ అబ్బాయి మా దగ్గరేగా పని?"

"అదీ చీటీలోనే చదివారా సారూ?"

నవ్వు ఆగింది. మొదట గాయక బృందం ఓటుగా లేచి నిలబడింది. తరువాత వెర్నీస్. ఆపైన బెంచీ తరువాత బెంచీ, మోకాళ్లు నొప్పిపెడుతున్నవారూ, రేపటి పని గుర్తొచ్చి ముఖం పాలిపోయినవారూ లేచారు. కొందరు తల వంచుకుని కూర్చుండిపోయారు. వారిని ఎవరూ తిట్టలేదు.

బీమన్ లెక్క చెప్పలేదు. ఫోను తీశాడు.

పోలీసు వచ్చి, ఆరాధనకు భంగం కలిగించిందని ఓర్లీన్ మణికట్టుకు సంకెళ్లు బిగించాడు. "చెయ్యి జాగ్రత్త నాయనా, రేపు పొద్దున పనుంది" అందామె.

కారు కదిలింది. చర్చి వెనకే కదిలింది. పొడవాటి అంగీలు ఎత్తిపట్టుకుని గాయకులు, కర్ర ఊతంగా ఏమస్, అందరికంటే ముందు వెర్నీస్. హైవే మీద ఎదురుగా ఫ్యాక్టరీకి పోయే కోళ్ల లారీ ఆగి హారన్ మోగించింది. ఎవరూ దారి ఇవ్వలేదు.