ఆఖరి జత

వదినా మరదళ్ళంటే ఉప్పూ నిప్పూ అంటారు గానీ, వీళ్ళిద్దరిదీ ఒకే కంచం ఒకే మంచం. కొండ అవతలి సరస్సు దాకా నడిచి వెళ్ళాలన్న కోరిక మాత్రం మరదలిదే. మందుల షాపులో రోజంతా కౌంటర్ వెనక నిలబడే పిల్ల, ఆ సెలవు కోసం ఎన్నాళ్ళుగానో కాచుకుని కూర్చుంది. చెల్లెల్ని ఒంటరిగా పంపనని అన్న భీష్మించుకుంటే, తోడుగా వదిన బయలుదేరింది.

బూట్లు కొనడానికి ఇద్దరూ సాయంత్రం వెళ్ళారు. రోజంతా తిరిగి పాదాలు కాస్త ఉబ్బాకే కొలత చూసుకోవాలట. నీళ్ళు దూరని బూట్లలో వాళ్ళకి నచ్చినవి రెండే జతలు మిగిలాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పాదాలు మాత్రం ఇద్దరివీ ఒకే కొలత, పెద్ద జతకి సరిపోయేవి. కొత్త సరుకు వచ్చేసరికి వీళ్ళ ప్రయాణమే అయిపోతుంది.

షాపులో ఏటవాలుగా ఒక చెక్క వేసి ఉంది. మందపాటి మేజోళ్ళు తొడుక్కుని, బరువు సంచి తగిలించుకుని, దాని మీద ఎక్కి దిగి చూసుకోవాలి. దిగేటప్పుడు వేళ్ళు ముందుకి తగలకూడదు. పెద్ద జత ముందుగా వదిన చేతికొచ్చింది. తొడిగి నడిచాక ఇక విప్పబుద్ధి కాలేదు. చిన్న జతతో చెక్క దిగుతున్న మరదలు పెదవి కొరుక్కోవడం ఆవిడ చూసింది. చూసి, తన లేసు ముడి సరిచేసుకోవడం మొదలుపెట్టింది.

లోపల నీళ్ళు ఆపే పొర ఉంటుంది కాబట్టి ఇవి మామూలు తోలు బూట్లలా సాగవని షాపావిడ వదినతో మెల్లగా చెప్పింది. మరదలు అప్పుడు అద్దం దగ్గరుంది. అక్కణ్ణుంచి తిరిగొచ్చి అడిగింది.

"వాడితే సాగుతాయి కదా వదినా?"

"ఊఁ," అంది వదిన.

కొండ ఎక్కేటప్పుడు ఏమీ తెలియలేదు. దారిలో వాన పడింది. వదిన పాదాలకి చుక్క తడి తగల్లేదు. బూట్లు భలే ఉన్నాయని అనబోయి నాలిక్కరుచుకుంది. దిగుడు మొదలయ్యాక మరదలు వెనకబడిపోయింది. ఏమైందంటే పూలు చూస్తున్నానంది. ఆ వాలులో గడ్డి తప్ప ఏమీ లేదు. వదిన తేలు కుట్టిన దొంగలా ముందుకి నడిచింది.

కింద సరస్సు కనబడుతూనే ఉంది. మరదలు ఒక రాయి మీద కూలబడింది.

"నువ్వెళ్ళి చూసిరా వదినా. నేనిక్కడే కూర్చుంటా."

ఈ నడక కోరింది ఎవరు, చూసి రావాల్సింది ఎవరు? వదిన మోకాళ్ళ మీద కూర్చుని మరదలి బూట్లు విప్పింది. మేజోడు బొటనవేలికి అతుక్కుపోయి ఎర్రగా ఉంది. ఇక దాచడం ఆవిడ వల్ల కాలేదు.

"ఇవి సాగవని షాపావిడ నాతో చెప్పింది. నీకు నేను చెప్పలేదు."

మరదలు సరస్సు వైపే చూస్తోంది.

"నాకూ వినబడింది. నువ్వు చెబుతావేమోనని అడిగాను."

వదిన కళ్ళెత్తలేకపోయింది. తన బూట్లు విప్పి ముందు పెట్టింది. మరదలు వద్దంటుందేమోనని ఒక్క క్షణం ఆశపడి, ఆ ఆశకి మళ్ళీ తనే సిగ్గుపడింది. మరదలు వద్దనలేదు. వేళ్ళకి పట్టీలు చుట్టుకుని, బూట్లు తొడుక్కుని, లేచి చకచకా దిగిపోయింది.

వదిన చిన్న జతలో కాళ్ళు ఇరికించుకుని వెనకే నడిచింది. అడుగడుక్కీ గోళ్ళు ముందుకి కొట్టుకుని ప్రాణం జివ్వుమంటోంది. కాస్త ఆగమని పిలవడానికి ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది?

మలుపు దగ్గర మరదలు తనే ఆగి, వెనక్కి తిరిగింది.

"సాగుతున్నాయా వదినా?"

నవ్వుతూ అడిగిందో, నవ్వకుండా అడిగిందో, అంత దూరం నుంచి వదినకి తెలియలేదు. "ఊఁ" అనడానికి ఈసారి నోరు రాలేదు.