ఆషాఢంలో కొన్న ఇల్లు

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే రంగయ్య శెట్టికి సొంత ఇల్లు లేదంటే కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. ఆయన పలకలు రైలెక్కి బెజవాడకూ, గుంతకల్లుకూ, మద్రాసుకూ పోయేవి. ఆయన మాత్రం పెళ్ళయిన నాటి నుంచీ సుందరరాజుగారి ఇంట్లో ఒక వాటా అద్దెకు తీసుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. లేక కాదు. డబ్బు తీసుకుపోయి గోడల్లో పాతిపెట్టడమంటే ఆయనకు ఒళ్ళుమంట.

"పలకల మీద పెట్టిన రూపాయి ఊరూరూ తిరిగి ఇంకో రూపాయిని ఎంటబెట్టుకోని వస్తాది. ఇంటి మీద పెట్టింది ఆడనే పండుకుంటాది" అనేవాడు భార్య నాగరత్నమ్మతో.

ఆమె ఊరుకునే మనిషా? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మొదలుపెట్టి, పొద్దున లేస్తే ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఇన్నేళ్ళలో ఆ సంసారానికి ఉన్న సొంత ఇల్లు అదొక్కటే.

అది ధరలన్నీ పడిపోయిన కాలం. పంట కొనేవాడు లేడు, పొలం కొనేవాడు లేడు. గుడి వెనక వీధిలో కంభం ఆసామి ఒకాయన తన మిద్దె ఇల్లు అమ్మకానికి పెట్టాడు. నాగరత్నమ్మ ఏదో వంక పెట్టుకుని వెళ్ళి, ప్రతి గదీ చూసి వచ్చింది.

"ఇంత సలీసుగా ఇంకెప్పుడు దొరుకుతుంది? ఇప్పుడు గాకుంటే మనం ఈ జన్మలో కొనం" అంది.

"ఇంకా పడతాది. కొనేదానికి తొందరేముంది?" అన్నాడు రంగయ్య.

ఆగాడు. ధర కొంచెం పడింది. పడింది కదా అని మళ్ళీ ఆగాడు. ఆగడంలో లాభం రుచి చూసినవాడికి కొనే రోజు ఎప్పటికీ రాదు.

అలా ఆగుతుండగానే ఆయన తల్లి రాజేశ్వరమ్మ మంచాన పడింది. వైద్యుడు వచ్చి నాడి పట్టుకుని చాలాసేపు కూర్చుని, ఈ నెల గట్టెక్కితే చూద్దామన్నాడు. ఆయన వెళ్ళిన కాసేపటికి పక్క వాటాలోంచి సుందరరాజుగారు వచ్చాడు. నాగరత్నమ్మ ఇచ్చిన మజ్జిగ చేతిలో పట్టుకున్నాడే గానీ తాగలేదు.

"శెట్టీ, అమ్మకేమీ గాకూడదని నేను గూడా దేవునికి దండం పెట్టుకుంటుండా. కానీ..."

"చెప్పండి రాజుగారూ."

"మా నాయన ధనిష్ఠ నక్షత్రంలో పోయినాడు. ఆరు నెలలు ఈ ఇంటికి తాళమేసి తర్లుపాడులో తల దాచుకున్నాం. ఇప్పుడు శ్రావణంలో మా పిల్ల పెళ్ళి, ఈ ఇంట్లోనే. అమ్మకు ఏమన్నా అయ్యే యాళకు ఏ నక్షత్రం ఉంటుందో ఎవురికి తెలుసు? సత్రంలో ఒక గది మాట్లాడినా. తప్పుగా అనుకోబాక శెట్టీ."

అంత మాట అనేసి ఆయనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ రోజుల్లో ఇది వింత కాదు. చెడు నక్షత్రంలో ప్రాణం పోయిందంటే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాల్సిందే. అందుకే అద్దెకున్నవాళ్ళలో ఎవరైనా కొనవూపిరితో ఉంటే మంచంతో సహా బయటికి చేర్చేవాళ్ళు. అలాంటివి రంగయ్య ఎన్నో చూశాడు, అయ్యో పాపం అనుకుని దుకాణానికి వెళ్ళిపోయేవాడు. అది తన తల్లి దాకా వస్తుందని మాత్రం ఆయన లెక్కలో ఎన్నడూ వేసుకోలేదు. ముందు కోపం వచ్చింది. ఆడపిల్ల పెళ్ళి గుర్తొచ్చి చల్లారింది. రాజుగారిది తప్పు కాదు. తప్పెవరిదో ఆయనకు తెలుసు, అదే ఎక్కువగా కాల్చింది.

తెల్లవారగానే వెళ్ళి కంభం ఆసామి అడిగిన ధరకే ఇల్లు కొనేశాడు. సూది కొన్నా బేరమాడే శెట్టి మారు మాట్లాడకుండా బయానా చేతిలో పెట్టేసరికి ఆసామికే అనుమానం వచ్చింది. తాళంచెవి తీసుకుని అటునుంచటే పురోహితుడి దగ్గరికి పరుగెత్తాడు.

"ఇది ఆషాఢం గదా శెట్టీ! శ్రావణం వచ్చేదాకా కొత్త ఇంట కాలు పెట్టగూడదు" అన్నాడాయన.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రంగయ్య ఇంటికి వచ్చి, తల్లి మంచం పక్కన కూలబడి, జరిగిందంతా చెప్పాడు. రాజేశ్వరమ్మకు గొంతు పీలగా అయిందే గానీ తెలివి చెక్కుచెదరలేదు.

"నన్ను సత్రానికే తీసుకపో రంగా. మీరు పాలు పొంగించకముందే నేను ఆడ కన్నుమూస్తే, ఆ గడియ మంచిది గాకుంటే, ఇల్లు మూతపడుతుంది. నాగరత్నం ప్రాణమంతా ఆ ఇంటి మీదనే పెట్టుకోనుండాది. దానికి నా చేత తాళం వేయిస్తావా?"

రంగయ్య భార్య వైపు చూడలేకపోయాడు. తల్లిని సత్రంలో వదలడానికి మనసొప్పదు. కొత్త ఇంటికి తీసుకుపోదామనడానికి నోరు రాదు. ఇన్నేళ్ళూ ఇల్లు, ఇల్లు అని మొత్తుకున్న మనిషిని, తీరా ఇల్లు చేతికొచ్చిన రోజున, అది మూతపడినా సరేనా అని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు?

నాగరత్నమ్మ లేచింది. అత్తగారి పక్కబట్టలు మడిచింది. మందు సీసా, చెంబు, రెండు చీరలు మూటకట్టింది. సత్రానికేననుకున్నాడు రంగయ్య.

"బండి పిలిపించండి" అంది.

"యాడికి?"

"యాడికేంది? మనింటికి."

"అమ్మ చెప్పింది ఇన్నావు గదా. మూతపడితే?"

"పడనీ. ఆరు నెలలు యాడన్నా అద్దెకుందాం." ఆమె వంగి అత్తగారి నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి దువ్వింది. "అద్దెకుండేది మనకేమన్నా కొత్తనా అత్తా?"

రాజేశ్వరమ్మ నవ్వబోతే దగ్గు వచ్చింది. రంగయ్యకు ఏడుపు వచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. పెళ్ళాంతో వాదించి ఓడిపోవడం ఆయనకు అదే మొదటిసారి, ఓడినందుకు ఆమెకు దండం పెట్టాలనిపించింది.

సుందరరాజుగారు తన బండే కట్టించి, పక్కన నడుస్తూ వచ్చాడు. కొత్త ఇంటి ముందు మామిడి తోరణం లేదు, మంత్రం లేదు, మేళం లేదు. ఆషాఢంలో ఈ ప్రవేశమేందని వీధిలో ఒకరిద్దరు ముక్కున వేలేసుకున్నారు. నాగరత్నమ్మ తాళం తీసి తలుపులు బార్లా తెరిచి పక్కకు జరిగింది. రంగయ్య తల్లిని పసిబిడ్డలా రెండు చేతుల మీద ఎత్తుకుని గడప దాకా వచ్చాడు.

రాజేశ్వరమ్మ కళ్ళు తెరిచి కొడుకు పాదాల వైపు చూసింది.

"కుడికాలు పెట్టరా నాయనా" అంది.

రంగయ్య కుడికాలు పెట్టాడు.