మరదలు లెక్కపెట్టిన ఊపిరి

దర్జీ నెల రోజులుగా తెల్లారగానే పరుగుకి వెళుతున్నానని ఇంట్లో చెబుతున్నాడు. ఇల్లు దాటే మాట నిజమే. వీధి చివర బెంచీ మీద పేపరు చదువుకుని వచ్చేవాడు.

ఆ ఆదివారం మరదలు వచ్చింది. ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్షలు చేసే గదిలో ఆమె ఉద్యోగం. బావ గొప్పలన్నీ ఓపిగ్గా విని, "ఏదీ, నాడి చూడనివ్వండి" అంటూ మణికట్టు పట్టుకుంది. కానీ నిమిషంపాటు ఆమె చూసింది అతని చొక్కా గుండీలు లేచి దిగడాన్ని.

"పద్నాలుగు."

"నాడి పద్నాలుగేనా?" అతను హడలిపోయాడు.

"నాడి కాదు, ఊపిరి. లెక్కపెడతానని ముందే చెబితే మార్చేస్తారుగా. కొలతలకొచ్చినవాళ్లు మీ ముందు పొట్ట లోపలికి లాక్కోరూ, అలాగ."

తర్వాత డాబా మీదికి పదమంది. నాలుగంతస్తులు. మొదటి అంతస్తు దాకా అతను కబుర్లు చెప్పాడు. రెండోదానికి వాక్యాలు పొట్టివయ్యాయి. పైకి చేరాక మూతి బిగించి, గోడ రంగు పరిశీలిస్తున్నట్టు నిలబడ్డాడు. మూడు క్షణాలు గడవకముందే నోరు దానంతటదే తెరుచుకుంది.

"ముప్పై ఎనిమిది" అంది మరదలు, మళ్లీ నిమిషంపాటు గుండీలు చూశాక. "ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగితే మెదడు ఊపిరిని తరుముతుంది బావా. అది మీ మొహమాటం చూడదు."

"కూర్చుంటే... ఇంత గోల... లేదే?"

"అప్పుడు రొమ్ముకీ పొట్టకీ మధ్యనున్న కండరమే దాదాపు అంతా చూసుకుంటుంది. అది దిగితే గాలి లోపలికి, వదులైతే బయటికి. ఇప్పుడు గాలిని నెట్టడానికి పక్కటెముకల కండరాలూ, పొట్ట కండరాలూ పనిలోకి దిగాయి. రోజూ పరిగెత్తేవాళ్లకి ఇంత హడావిడి ఉండదు మరి."

అంతలో అతని భార్య తడిబట్టల బకెట్‌తో మెట్లెక్కి వచ్చింది. కుళాయిలో నీళ్లు సన్నబడిన సంగతీ, కింద వాటా ఆవిడ కొత్త కళ్లజోడు సంగతీ చెల్లెలికి చెబుతూ బట్టలన్నీ ఆరేసింది. ఎక్కడా గుక్క తిప్పుకోలేదు.

దర్జీకి సిగ్గేసింది. "నేను పరుగుకి వెళ్లడం లేదు" అన్నాడు మెల్లగా.

"తెలుసు" అంది భార్య. "నెల రోజుల్లో చెమట పట్టిన చొక్కా ఒక్కటి ఉతికితే ఒట్టు."

మర్నాటినుంచి బకెట్ అతను మోశాడు. భార్య ముందు నడుస్తూ కబుర్లు చెబితే మొదటి వారం ఊకొట్టడమే గగనమైంది. రెండు నెలలకి, నాలుగో అంతస్తు మెట్ల మీద, పూర్తి వాక్యం ఒకటి అనగలిగాడు:

"కాస్త నన్ను కూడా మాట్లాడనిస్తావా?"