కుట్టుషాపులో చేప

పొద్దున షట్టరెత్తాక ఎవరు ఏం చెయ్యాలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఏనాడో పంచేసుకున్నారు. అక్క కత్తెరకి చుక్క నూనె పెట్టి, బల్ల తుడిచి, నిన్న సుద్దతో గీసిన గుడ్డల్ని వరసలో సర్దుతుంది. చెల్లెలు మిషను కింద రాలిన దారప్పోగులు ఊడ్చి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టి, కౌంటరు మీదున్న గాజుతొట్టిలో చేపకి చిటికెడు మేత వేస్తుంది. కొలతలు తీసి కత్తిరించేది అక్క కనుక వీధిలో ఆమెని కత్తెరమ్మ అంటారు. అంచులు మడవడం, గుండీలు, కాజాలు, బిగుతైన బట్టలు వదులు చెయ్యడం చెల్లెలి పని కనుక ఆమె కాజాలమ్మ. చేప పేరు బుడ్డిది. వచ్చిన కొత్తలో బొటనవేలంత ఉండేది మరి.

బుడ్డిది తిండికి పెరిగే రకం కాదు. దాని ముందు ఎవరైనా మాట ఇచ్చారనుకోండి, ఆ మాట నిలబడేది కాకపోతే అప్పటికప్పుడే పెరుగుతుంది. టైలరు షాపులో అలాంటి చేపని పెట్టుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే. "గురువారం వచ్చి తీసుకోండి" అని కత్తెరమ్మ అనగానే కస్టమర్లు క్యాలెండరు చూడరు, చేప తోక చూస్తారు. తోక ఉన్నట్టే ఉంటే గురువారమే వస్తారు. రవ్వంత సాగిందంటే శనివారం వస్తారు. బ్యాంకు గుమాస్తా అయితే మరీను, కళ్ళజోడు తుడుచుకుని చూసి, "సోమవారం రమ్మంటోందమ్మా మీ చేప" అని నవ్వుకుంటూ వెళ్ళిపోతాడు. ఎవరూ కోప్పడరు. ఒకసారి పెరిగింది పెరిగినట్టే, తగ్గే అలవాటు దానికి లేదు. అయినా ఇద్దరూ పనిమంతులు, మాట మీద నిలబడేవాళ్ళు. అందుకే ఇన్నేళ్ళైనా బుడ్డిది జానెడు కూడా కాలేదు.

ఈ వానాకాలం మొదలయ్యాక మాత్రం దానికేమొచ్చిందో, సాగడం మొదలుపెట్టింది. చూస్తూండగానే తొట్టి చాలలేదు. ఇంకాస్త పెద్ద తొట్టి కొన్నారు. కొన్నాళ్ళకి అందులోనూ చేప వెనక్కి తిరగాలంటే నడుం వంచాల్సి వచ్చింది. చేపలమ్మే కొట్టాయనని వెనక్కి తీసుకోమని అడిగితే, "సైజు మారిందని తిరిగివ్వడానికి ఇదేమన్నా చొక్కానా తల్లీ" అన్నాడు. పక్కనే ఉన్న బేకరీ ఆవిడ మేత తగ్గించమంది. తగ్గిస్తే చేప చిక్కింది గానీ పొడవు తగ్గలేదు. "పోనీ నాకిచ్చెయ్యండి, పొయ్యి ఖాళీగానే ఉంది" అని కూడా అందావిడ, వేళాకోళానికే. కాజాలమ్మ ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు.

"పార్కు చెరువులో వదిలేద్దాం," అంది కత్తెరమ్మ ఒక సాయంత్రం, తొట్టిలో నీళ్ళు మారుస్తూ. "ఇళ్ళల్లో పట్టని చేపల్ని అందరూ అక్కడే వదులుతున్నారు. తోటమాలి కాదనడు."

"ఇన్నాళ్ళు మన దగ్గరున్నదాన్ని ఎలా వదిలేస్తామక్కా?"

"మరేం చేద్దాం? ఇదంతా నీ వల్లే. అడిగినవాళ్ళకల్లా సరే సరే అంటావు. నీ నోటికి అదుపు లేదు. చివరికి దాని ప్రాణం మీదికి తెచ్చావు."

నిజమే కాబోలు అనుకుంది కాజాలమ్మ. అక్క చెప్పాక నిజం కాకపోవడమేమిటి? అమ్మ పోయిన తర్వాత తనకి జడ వేసింది అక్క. సూదిలోకి దారం ఎక్కించడం నేర్పింది అక్క. జ్వరమొస్తే పక్కన కూర్చుని కాళ్ళు పట్టింది అక్క. తన తప్పేదో తానే దిద్దుకోవాలనుకుంది.

మర్నాటి నుంచి పని ముగిశాక ఇల్లిల్లూ తిరిగింది. "నేను మీకేమన్నా చేస్తానని చెప్పి మర్చిపోయానా అండీ?" అని గుమ్మంలో నిలబడి అడిగింది. జనం మొదట తెల్లబోయారు, తర్వాత తీరిగ్గా గుర్తు తెచ్చుకున్నారు. గుమాస్తాకి కోటు గుండీ ఊరికే కుడతానందట ఎప్పుడో. కుట్టింది. బేకరీ ఆవిడ ఏప్రానుకి జేబు పెడతానందట. పెట్టింది. పై అంతస్తు ముసలాయన, ఇంట్లో కర్టెన్లన్నీ కుట్టిపెడతానని మాటిచ్చావన్నాడు. అది పచ్చి అబద్ధమని ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు. అయినా కుట్టింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ క్షమించమని అడిగింది. సూదిపోట్లకి వేళ్ళ కొసలు మొద్దుబారిపోయాయి. చేప మాత్రం పెరుగుతూనే ఉంది.

చివరికి మాట ఇవ్వడమే మానేసింది. "రేపటికవుతుందా?" అంటే "ఏమో" అంది. "పోనీ ఎల్లుండికి?" అంటే "ఏమోనండీ" అంది. కస్టమర్లు విసుక్కున్నారు. ఆ సాయంత్రం చూస్తే బుడ్డిది ఇంకాస్త సాగి ఉంది.

"నేనివాళ ఎవరికీ ఏమీ చెప్పలేదక్కా!" అంది ఏడుపు గొంతుతో.

అక్క చేప వైపు చూడలేదు. "మనసులో అనుకున్నవి కూడా పట్టేస్తుందేమో," అంది లైటార్పుతూ.

మర్నాడు కాజాలమ్మ మనసులో కూడా ఏమీ అనుకోకుండా ఉండాలని చూసింది. ఒక చొక్కాకి కాజాలన్నీ తప్పు పక్క కుట్టేసి, మళ్ళీ విప్పదీసుకుంది.

ఆమె మిషను వెలుతురు కోసం వీధి వైపు వేసి ఉంటుంది. తొట్టికి వీపు పెట్టి కూర్చోవాలి. కుడుతూ కుడుతూ మధ్యలో ఏదో ఒకటి అడగడం ఆమెకి అలవాటు. "అక్కా, ఈ ఏడైనా బోర్డు మీద ఇద్దరి పేర్లూ రాయిద్దామా?" "రాయిద్దాంలే." "నాకు కత్తిరింపు నేర్పుతావా?" "నేర్పక ఎక్కడికి పోతానే?" ఆ జవాబులు వింటే కాళ్ళు మిషన్ని ఇంకాస్త హుషారుగా తొక్కేవి. కస్టమర్లకి తేదీ చెప్పినప్పుడు కస్టమర్లు తోక చూసుకుంటారు. అక్క తనతో మాట్లాడుతుంటే చూడాలని కాజాలమ్మకి కలలో కూడా తట్టలేదు. అది బయటివాళ్ళు చేసే పని.

ఒక మధ్యాహ్నం అక్క దారాలు తేవడానికి వెళ్ళినప్పుడు, వీధి చివరి రెడీమేడ్ కొట్టాయన వచ్చాడు. జేబులోంచి టేపు తీసి, "ఆ కొస కాస్త పట్టుకోమ్మా" అన్నాడు. ఎవరైనా టేపు చాస్తే కొస పట్టుకోవడం ఆమె చేతులకి అలవాటు. పట్టుకుంది. ఆయన కత్తిరింపు బల్ల పొడవు చూశాడు, వెడల్పు చూశాడు.

"మా వెనక గదిలో పడుతుందో లేదోనని," అన్నాడు. "ఈ బల్ల లేందే మీ అక్కగారు కత్తెర పట్టనన్నారు. ఒకటో తారీఖు నుంచి మా దగ్గరికొస్తున్నారుగా. ఇక్కడి కస్టమర్ల కొలతలు కూడా తెస్తానన్నారు."

"ఎప్పుడన్నారు?"

"వానలు మొదలైనప్పుడే కదమ్మా. నీకు తెలీదూ?"

ఆమె టేపు కొస వదల్లేదు. బల్ల పోయి, కొలతలు పోతే షాపులో మిగిలేది ఒక మిషను, కత్తిరించడం రాని ఒక మనిషి. అప్పుడు తిరిగి తొట్టి వైపు చూసింది. బుడ్డిది ముక్కు ఒక గాజుకి, తోక ఇంకో గాజుకి ఆనించి, కదలలేక ఆమెనే చూస్తోంది. రాయిద్దాంలే. నేర్పక ఎక్కడికి పోతానే. ఆ మాటలన్నీ పొలుసులతో సహా అందులోనే ఉన్నాయి.

దారపు ఉండల సంచితో లోపలికొచ్చిన కత్తెరమ్మ, ఇద్దరి మధ్యా సాగి ఉన్న టేపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీకు చెప్దామనే అనుకున్నానే," అంది.

"వెళ్తే వెళ్తావక్కా. బతుకు బాగుపడుతుందంటే ఎవరు వద్దంటారు? ఏడ్చేదాన్ని, తర్వాత నేనే బల్ల మోయించేదాన్ని." కాజాలమ్మ టేపు కొస వదిలేసింది. "నా మీదెందుకు పెట్టావు? చేప పెరుగుతున్నది నీ మాటకని నీకు తెలుసు. తెలిసే నన్ను గడపగడపకీ తిప్పావు. ఊరందరి ముందూ క్షమించమని అడిగించావు. ఆ ముసలాయనకి కర్టెన్లు కుట్టానక్కా!"

"నువ్వు ఏడుస్తావని చెప్పలేకపోయాను."

"ఇప్పుడేం చేస్తున్నాననుకున్నావు?"

కొట్టాయన ఇబ్బందిగా టేపు చుట్టుకున్నాడు. ఒక మంచి మాట చెప్పి బయటపడదామనుకున్నాడు కాబోలు, "నువ్వేం బెంగపెట్టుకోకమ్మా," అన్నాడు. "మీ అక్కగారు నా దగ్గర పనికి రావడం లేదు. వాటాదారుగా వస్తున్నారు. నా కొట్టున్నంత కాలం ఆవిడ చోటు ఆవిడదే."

టప్పుమంది. గాజు నిలువునా చీలి, నీళ్ళు కౌంటరు మీంచి జారి ఆయన బూట్లలోకి పోయాయి. చేప తోక బయటికి వేలాడింది. ముగ్గురూ దాన్నే చూశారు. వీధిలో అందరికీ తెలిసినట్టే బుడ్డిది సంగతి ఆయనకీ తెలుసు. గొంతు సవరించుకుని, "వాటా సంగతి తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాం లెండి," అన్నాడు. తోక ఇంకో వేలెడు కిందికి దిగింది. ఆయన ఇంకేమీ అనకుండా, తడి బూట్లతో పిచపిచమంటూ వెళ్ళిపోయాడు.

కత్తెరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కానీ నీళ్ళు లేని చేప ముందు కూర్చుని ఎవరి గోడు వాళ్ళు చెప్పుకునే వేళ కాదది. కాజాలమ్మ లైనింగు గుడ్డ తడిపి పరిచింది. ఇద్దరూ చేపని దాని మీదికి దొర్లించి, చెరో వైపు పట్టి లేపారు. వీధిలోకి వస్తూంటే బేకరీ ఆవిడ జగ్గుతో పరిగెత్తుకొచ్చి చేప మీద నీళ్ళు పోసింది. ఇద్దరి మొహాలూ చూసి లోపలికెళ్ళిపోయింది.

పార్కు దగ్గర పడింది.

"నేను ఆయన దగ్గరికి వెళ్ళనే," అంది అక్క. చేప ఉన్నంతే ఉంది. ఆ ఒక్క మాటా నిజమే చెప్పింది.

ఇంకాస్త నడిచాక అడిగింది. "నన్ను మళ్ళీ మన షాపులో నిలబడనిస్తావా?"

కాజాలమ్మ ఆమె వైపు చూసింది. తనకి జడ వేసిన చేతులే గుడ్డ కొసలు పట్టుకుని ఉన్నాయి. జాలేసింది. ఎవరికైనా కాదని చెప్పడం ఆమెకి చేతకాదు, అక్కకైతే అసలే చేతకాదు.

"దానికేముందక్కా, రా," అంది. "జరిగిందంతా మర్చిపోతాను."

గుడ్డ ఒక్కసారిగా కిందికి లాగింది. ఇద్దరి పట్టూ జారబోయింది. చేప తల గుడ్డ అంచు దాటి బయటికి పొడుచుకొచ్చింది.

ఇద్దరూ ఆగిపోయారు. కాజాలమ్మకి చెవులు కాలిపోయాయి. తన మాట నిలబడదని తనకే తెలీదు, మనస్ఫూర్తిగానే అన్నాననుకుంది. "అక్కా, నేను..." అంది.

అక్క చేపని చూడలేదు. చెల్లెలి మొహమే చూసి, "బరువెక్కింది, నువ్వు మొయ్యలేవు. తల నా వైపు వాల్చు," అంది.

చెరువులో మోకాళ్ళ దాకా దిగింది కూడా అక్కే. బుడ్డిది గుడ్డలోంచి జారి, ఒకసారి తోక విదిలించి లోతుకెళ్ళిపోయింది. గట్టెక్కాక ఇద్దరూ అలవాటుగా చెరో కొసా పట్టుకుని గుడ్డ పిండారు, మడత పెట్టారు. అక్క ఆ మడత చెల్లెలి చేతిలో పెట్టింది.

"బల్ల నువ్వే ఉంచుకో. కత్తెర సొరుగులో ఉంది. కొన్నాళ్ళు పాత పేపర్ల మీద కత్తిరించి చూసుకో, గుడ్డలు పాడుచెయ్యకు," అని చెప్పి, షాపుకి పోయే గేటు కాకుండా రెండో గేటు వైపు నడిచింది.

కాజాలమ్మ తడి గుడ్డతో గట్టు మీదే నిలబడింది. ఏ మాటన్నా పెరగడానికి ఇప్పుడు చేతుల్లో చేప లేదు. రమ్మనొచ్చు, మర్చిపోయాననొచ్చు, ఎవరికీ తెలీదు. అక్క గేటు దాటేదాకా నోరు తెరిచి అలాగే నిలబడింది గానీ, మాట రాలేదు.